డ్రైవర్ చూపును కనిపెట్టే కెమెరా కావాలి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

తిరుమల ఘాట్ రోడ్డు మీద వేగానికి కట్టడి ఉంది. బండి కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి. కానీ మలుపులో డ్రైవర్ చూపు రోడ్డు మీదుందా, ఫోన్ మీదుందా అన్నది ఆ లెక్కకు అందదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కూడా మూడు సెకన్లకు బండి 33 మీటర్లు పోతుంది. ఒక మెసేజ్ చూడ్డానికి ఆ మూడు సెకన్లు చాలు.

బెంగళూరులో రాత్రి బయల్దేరిన టెంపో ట్రావెలర్ పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు దాటుకుని తెల్లారేసరికి అలిపిరికి వస్తుంది. భక్తులు దర్శనానికి పోతారు. డ్రైవర్ పార్కింగ్‌లో సీటు వాల్చుకుని కునుకు తీస్తాడు. ఆ కునుకులోనూ ఓనర్ ఫోన్, బండి మాట్లాడుకున్న పార్టీ ఫోన్. మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాక కూడా "ఎక్కడున్నావ్?" అనే అడుగుతారు. ఎత్తకపోతే రేపటి ట్రిప్ ఇంకొకరికి పోతుందని భయం. ఎత్తితే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఫోన్ చేసినవాడిని మాత్రం ఎవరూ అడగరు.

డ్రైవర్ ఎదురుగా పెట్టే చిన్న కెమెరా రెప్పలు వాలడాన్నీ, తల పక్కకు తిరగడాన్నీ గమనించి వెంటనే బీప్ కొడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి చీకట్లోనూ పనిచేస్తుంది. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి చేశారు. మన దేశంలోనూ దీనికి ఏఐఎస్-184 అనే వాహన పరిశ్రమ ప్రమాణం ఉంది. ముందుగా ఆర్టీసీ ఘాట్ బస్సులకు, రాత్రి సర్వీసులకు పెట్టించండి. తర్వాత టూరిస్టు వాహనాలకు.

అయితే మన ఘాట్‌లో పరీక్షించకుండా కొనొద్దు. హెయిర్‌పిన్ మలుపులో డ్రైవర్ తల బాగా తిప్పి చూడాల్సిందే. దాన్నీ తప్పుగా లెక్కగట్టి బీప్ కొడితే, రెండో రోజే కెమెరాకు గుడ్డ కప్పేస్తారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆ హెచ్చరిక ముందు డ్రైవర్‌కే వినపడాలి. మెమో ఇవ్వడానికీ, జీతం కోయడానికీ వాడితే ఆ కెమెరాను ఎవరూ నమ్మరు. మాటిమాటికీ రెప్పలు వాలుతున్నాయంటే ఆ మనిషికి డ్యూటీ ఎక్కువైందని అర్థం. డిపోలో మార్చాల్సింది డ్యూటీ చార్టు.

జీపీఎస్ ఉన్న బండి ఎక్కడుందో ఓనర్‌కు తన ఫోన్‌లోనే కనిపిస్తుంది. నడిచే బండి డ్రైవర్‌కు ఫోన్ చేసి సతాయించే ఓనర్లకు కూడా బాధ్యత ఉండేలా నిబంధన తేవాలి. అలిపిరి దగ్గర డ్రైవర్లు నాలుగు గంటలు నిద్రపోయే హాలు, స్నానానికి నీళ్లు ఏర్పాటు చేయాలి. ఇందుకు టీటీడీతో మీరే మాట్లాడాలి. టెండర్ పిలిచే ముందు తిరుపతి, చిత్తూరు డిపోల డ్రైవర్లను, టాక్సీ స్టాండ్ వాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాట వినండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక పౌరుడు