జున్ను అరుపులు రెండు రకాలు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మలుకి నాన్న దీవెనలు.

నీ పిల్లి జున్ను రాత్రిళ్ళు పడుకోనివ్వడం లేదనీ, ఆఫీసులో కూర్చుంటే కళ్ళు మూతలు పడుతున్నాయనీ రాశావు. నువ్వు ఫోన్లో పంపిన రెండు రికార్డింగులూ విన్నాను. అవి రెండూ ఒకే అరుపు కాదు తల్లీ. మొదటిది పొట్టిగా, ఆగి ఆగి, తలుపు దగ్గర నిలబడి అడుగుతున్నట్టు ఉంది. రెండోది సాగదీసి, గొంతు దించి ఎత్తి, చంటిపిల్ల ఏడ్చినట్టు ఉంది. మొదటిది తిండి కోసం, రెండోది ఎద పిలుపు. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు. అందుకని ముందు రెండోదాని సంగతి చెబుతాను.

జున్నుకి పది నెలలు నిండాయి. ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు నెలల మధ్యలోనే ఎదకు రావచ్చు. వచ్చినప్పుడు నేల మీద దొర్లుతుంది, కాళ్ళకు రుద్దుకుంటుంది, నడుము మీద చెయ్యి వేస్తే ముందుకాళ్ళు వంచి వెనకభాగం పైకెత్తి తోక పక్కకు పెడుతుంది. నువ్వు రాసిన గుర్తులన్నీ ఇవే. ఇది వారం రోజుల పాటు ఉండి తగ్గుతుంది. తగ్గిందని నువ్వు ఊపిరి పీల్చుకునేలోపు రెండు మూడు వారాల్లో మళ్ళీ మొదలు. పిల్లుల ఎదకు పగటి వెలుతురుతో సంబంధం ఉంది. చలిదేశాల్లో పగలు బాగా కురచబడినప్పుడు ఆగుతుంది. మన దగ్గర డిసెంబరులో కూడా పగలు అంతగా తగ్గదు, పైగా ఇంట్లో లైట్లు, కాబట్టి దాదాపు ఏడాది పొడుగునా నడుస్తుంది. రాత్రిపూట పిల్లి ఏడిస్తే అశుభం అని పక్కింటివాళ్ళు అంటున్నారన్నావు. వాళ్ళతో వాదన పెట్టుకోకు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నామని చెప్పు, చాలు.

దీనికి ఆపరేషన్ తప్ప దారి లేదు. ఎద ఆపడానికి ఇంజెక్షన్ ఉందని, చవకని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. ఆ ఇంజెక్షన్లోని హార్మోను వల్ల గర్భసంచిలో చీము పట్టడం, పాలగ్రంథుల్లో గడ్డలు, షుగరు రావడం జరగవచ్చు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళినా, విజయవాడ మొగల్రాజపురంలో మీ దగ్గరి డాక్టరుకి చూపించినా, అడగాల్సినవి ఇవి: పిల్లులకు ఈ ఆపరేషన్ తరచూ చేస్తారా, మత్తు బరువు చూసి ఇస్తారా, తర్వాత నొప్పికి ఏమిస్తారు. ఎదలో ఉన్నప్పుడు ఆ భాగానికి రక్తప్రసరణ ఎక్కువ, అందుకే చాలామంది డాక్టర్లు తగ్గాక రమ్మంటారు. అరుపు ఆగి ఒక వారం అయ్యాక తేదీ తీసుకో. ఈలోపు బయట గండుపిల్లి దగ్గరకు వెళ్ళకుండా చూడు. ఒక్కసారి కలిస్తే చాలు, 63 నుంచి 65 రోజుల్లో నీ మంచం కింద పిల్లలుంటాయి.

ఆపరేషన్ ముందు రాత్రి ఎన్ని గంటలకు తిండి ఆపాలో డాక్టరు చెబుతారు, మామూలుగా ఎనిమిది గంటలు ఆపుతారు. నీళ్ళు మాత్రం పొద్దుటి దాకా పెట్టమంటారు. ఇంటికి తెచ్చిన రాత్రి తూలుతూ నడుస్తుంది, కాబట్టి మంచం మీద, అల్మరా మీద పెట్టకు. నేల మీద పాత దుప్పటి పరిచి అక్కడే ఉంచు. కుట్లు మానడానికి పది, పన్నెండు రోజులు. మెడకు గరాటులాంటి కాలర్ కడతారు. ఇబ్బంది పడుతోందని జాలిపడి విప్పావంటే అది ఒక్క గంటలో కుట్లు నాకి తెంపుకుంటుంది.

ఇక మొదటి అరుపు, తెల్లవారుజామున నాలుగింటిది. ఇది జున్ను తప్పు కాదు, నీ తప్పూ కాదు. ఒక రోజు తెల్లవారుజామున అరిచింది, నిద్రమత్తులో లేచి గుప్పెడు పొడిమేత గింజలు వేశావు. దానికి అర్థమైంది ఏమిటంటే, అరిస్తే అమ్మలు లేస్తుంది, లేస్తే గిన్నె నిండుతుంది. నువ్వు తిట్టినా, దిండు విసిరినా దాని లెక్కలో అది కూడా లేవడమే. పిల్లి రోజులో చాలాసేపు నిద్రపోతుంది గానీ సందె చీకట్లోనూ, తెల్లారగట్లా దానికి ఒంట్లో హుషారు. ఎలుకలు, పక్షులు తిరిగే వేళ అది. కాబట్టి నాలుగింటికి మెలకువ రావడాన్ని మనం ఆపలేం. మెలకువ వస్తే నీ దగ్గరకు రావడాన్ని మాత్రం మాన్పించవచ్చు.

తిండి దగ్గర మొదలుపెట్టు. రాత్రి తొమ్మిదికి పాలన్నం, పెరుగన్నం పెడుతున్నానన్నావు. పిల్లి మాంసాహారి, దానికి కావలసింది మాంసకృత్తులు. అన్నంతో పొట్ట నిండినట్టు ఉంటుంది, తొందరగా మళ్ళీ ఆకలేస్తుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, కడుపు గుడగుడలాడి మధ్యరాత్రి మలమూత్రాల ట్రే చుట్టూ తిరుగుతాయి. పాలు పూర్తిగా ఆపెయ్. దాని బరువు మూడు కిలోలంటున్నావు కాబట్టి ఇప్పుడు రోజుకు 60 గ్రాముల పొడిమేత సరిపోతుంది. ఆపరేషన్ తర్వాత అవసరం తగ్గుతుంది, 50 గ్రాములకు దించు, లేకపోతే ఆరు నెలల్లో పొట్ట వేలాడుతుంది. కప్పుతో కొలవకు, తూకం వెయ్యి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప పెట్టినరోజు ఆ మేరకు గింజలు తగ్గించు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. మన కూరలోది ఒక్క ముక్క కూడా వద్దు.

ఆ 60 గ్రాములూ ఒకేసారి వెయ్యకు. పొద్దున ఏడున్నరకు 10, మధ్యాహ్నం 10, నువ్వు ఇంటికొచ్చాక 10, పడుకోబోయే ముందు 20, తెల్లవారుజామున 10. మధ్యాహ్నానిదీ తెల్లవారుజాముదీ టైమరున్న ఫీడరు, అంటే పెట్టిన వేళకు గింజలు రాల్చే డబ్బా, వేస్తుంది. కొనేటప్పుడు కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచేది చూసి తీసుకో. హాల్లో, నీ పడకగదికి వీలైనంత దూరంగా పెట్టు, గింజలు రాలే చప్పుడు నీకు వినపడకూడదు. మొదటి వారమే దాన్ని కాలితో తన్ని పడెయ్యాలని చూస్తుంది, ఒక పీట మీద రెండువైపులా అంటుకునే టేపు వేసి బిగించు. చీమలు పడతాయి, కాబట్టి కింద పళ్ళెంలో నీళ్ళు పోసి ఆ పీటను మధ్యలో నిలబెట్టు. వానాకాలంలో గింజలు మెత్తబడి వాసన మారితే పిల్లి ముట్టదు, అప్పుడు మళ్ళీ నీ మంచం దగ్గరకే వస్తుంది. ఫీడరులో మూడు రోజులకు సరిపడా మాత్రమే పోసి, మిగతాది మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచు.

టైము పెట్టడంలో ఒక కిటుకు ఉంది. అది నాలుగింటికి అరుస్తుంటే ఫీడరును మూడూ ముప్పావుకు పెట్టు, అరవకముందే తిండి రావాలి. వారం పాటు అలా నడిచాక మూడు నాలుగు రోజులకొకసారి పది పదిహేను నిమిషాలు ఆలస్యం చేస్తూ ఆరింటి దాకా తీసుకురా. అది నీ తలుపు వదిలేసి ఫీడరు ముందు కూర్చోవడం మొదలుపెడితే పని సగం అయినట్టు. నువ్వు నిద్రలేవగానే గిన్నెలో ఏమీ వెయ్యకు. మొహం కడుక్కుని, కాఫీ తాగి, అరగంట తర్వాత వెయ్యి. నువ్వు లేవడానికీ దాని తిండికీ ఉన్న ముడి అప్పుడే తెగుతుంది. ఆపరేషన్ ముందు రాత్రి మాత్రం ఫీడరు ఆపడం మర్చిపోకు.

ఇప్పుడు కష్టమైన భాగం. ఫీడరు పెట్టాక కూడా అది కొన్ని రాత్రులు నీ దగ్గరకొచ్చి అరుస్తుంది, మామూలు కంటే గట్టిగా. ఇన్నాళ్ళూ పనిచేసింది పనిచేయకపోతే ఇంకా పెద్దగా చేసి చూస్తుంది, అంతే. ఇది మూడు రోజులు ఉండొచ్చు, పది రోజులూ ఉండొచ్చు. పలకకు, కదలకు, లైటు వెయ్యకు, "జున్నూ, పడుకో" అని కూడా అనకు. ఏడో రాత్రి ఓపిక నశించి లేచావంటే, ఏడు రాత్రులు అరిస్తే చాలన్న పాఠం దానికి ఎక్కుతుంది, తర్వాత మాన్పించడం ఇంకా కష్టం. అందుకే ఆఫీసులో పని తక్కువున్న వారం చూసి మొదలుపెట్టు, ఇరుగుపొరుగుకు ముందే చెప్పు, చెవుల్లో దూది పెట్టుకో. దుప్పటి కింద కాలు కదిలితే అది ఎలకనుకుని కొరుకుతుంది, మందపాటి దుప్పటి కప్పుకో.

పడుకునే ముందు ఆట తప్పనిసరి. చాలామంది ఈకల కర్రను పిల్లి మొహం మీద ఊపుతారు, అది విసుగొచ్చి లేచిపోతుంది. ఏ ఎలకా పిల్లి మీదకు పరిగెత్తదు కదా. ఈకను నేల మీద దానికి దూరంగా లాగు, మంచం కోడు వెనక దాచు, రెండు క్షణాలు కదలకుండా ఉంచు, కొస మాత్రం కొంచెం ఆడించు. అది వెనకకాళ్ళ మీద నడుము అటూ ఇటూ ఊపి దూకుతుంది. దూకినప్పుడు నాలుగుసార్లలో రెండుసార్లు దొరకనివ్వు. పది నిమిషాలు ఇలా ఆడించి, చివరి రెండు నిమిషాలు ఈకను నీరసంగా కదిలించి, దానికే వదిలెయ్. వెంటనే ఆ 20 గ్రాములు పెట్టు. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర, ఇది దాని ఒంట్లో ఉన్న వరస. లేజరు లైటుతో ఆడిస్తే చేతికి ఏమీ చిక్కక ఇంకా రెచ్చిపోతుంది, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంది. ఆట అయ్యాక దారం ఉన్న కర్రను అల్మరాలో పెట్టి తాళం వెయ్యి. మింగితే దారం పేగును కోస్తుంది. రబ్బరుబ్యాండ్లు, ఊలు కూడా అంతే.

పగలు అది ఒంటరిగా పడుకుని ఉంటోంది, రాత్రి మెలకువకు అది కూడా కారణం. పైగా విజయవాడ ఎండాకాలం. 40 డిగ్రీలు దాటితే ఏ జీవీ మధ్యాహ్నం కదలదు, చల్లబడ్డాకే లేస్తుంది. కిటికీ పక్కన పావురాలు కనపడేలా ఒక స్టూలు వెయ్యి. కోడిగుడ్ల అట్టలో గుంటకు రెండు మూడు గింజలు చొప్పున వేసి పైన కాగితం ఉండలు పెట్టి వెళ్ళు. తీసుకోవడానికి అది అరగంట కష్టపడుతుంది. ఆ గింజలు మధ్యాహ్నం 10 గ్రాముల్లోంచే తియ్యి. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా పెట్టు. దోమల జాలీ మీద నమ్మకం పెట్టుకోకు, గోళ్ళతో చించి దూకేస్తుంది. బాల్కనీకి ఇనుప వల వేయించు. రాత్రి కిటికీ దగ్గరకు వచ్చే గండుపిల్లి కనపడకుండా కింది సగం అద్దానికి కాగితం అంటించు.

పడకగది తలుపు మూయాలా వద్దా అని అడిగావు. హాల్లో ఫ్యాను, నీళ్ళు, ట్రే, పరుపు ఉంటే మూసెయ్యడమే మంచిది. కానీ ఒకరోజు మూసి, ఒకరోజు తెరిస్తే తలుపు గీకడం ఆగదు. నడి వేసవిలో ఏసీ నీ గదిలోనే ఉంటే దాన్ని వేడి హాల్లో వదిలి మూయొద్దు, ఆ రెండు నెలలు లోపలే పడుకోనివ్వు. ట్రే రోజూ పడుకునే ముందు తప్పకుండా శుభ్రం చెయ్యి. గచ్చు మీద పోస్తే ఫినాయిల్ వాడకు, పిల్లి కాలికంటింది నాకి విషం ఎక్కుతుంది. సబ్బునీళ్ళతో రెండుసార్లు కడుగు.

నిద్రపట్టడానికని మన మందులేవీ ఇవ్వకు. పారాసిటమాల్ బిళ్ళలో కొద్దిముక్క కూడా పిల్లిని చంపుతుంది. కుక్కలకు గోమార్ల కోసం వాడే పెర్మెత్రిన్ మందూ అంతే. ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే ఆ రాత్రే డాక్టరు దగ్గరకు వెళ్ళు. ఆడదాంట్లో మంటా వాపూ కావచ్చు, మగదాంట్లో దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

మీ ఓనరు ఆంటీగారి పిల్లి కూడా ఈమధ్య రాత్రంతా అరుస్తోందన్నావు. దానికి పదమూడేళ్ళు కదా. ఎంత తిన్నా చిక్కిపోతోంది, నీళ్ళు ఎక్కువ తాగుతోంది అంటే అది అలవాటు కాదు. థైరాయిడ్ ఎక్కువై ఉండొచ్చు, మూత్రపిండాలు, బీపీ కూడా చూడాలి. రక్తపరీక్ష చేయించమని ఆంటీగారికి నెమ్మదిగా చెప్పు. థైరాయిడ్ అయితే మందు ఉంది, అరుపు కూడా తగ్గుతుంది.

ఆదివారం వస్తాను. వంటింటి తూకం మిషనూ, ఆరు గుడ్ల అట్టలూ తెస్తున్నాను. అప్పటిదాకా జున్ను ఏ రాత్రి ఎన్నింటికి, ఏ రకం అరుపు అరిచిందో క్యాలెండరు మీద రాసి ఉంచు. ఎద ఎప్పుడు ఆగిందో దాన్ని చూస్తే తెలుస్తుంది, డాక్టరుకి తేదీ చెప్పొచ్చు. అమ్మ నీకు పచ్చడి పంపుతోంది, మూత తీసి జున్నుకి అందేచోట పెట్టకు, అందులో వెల్లుల్లి ఉంది.

మీ నాన్న