సింగ్ నగర్ వరదలో మమ్మల్ని ఆదుకున్న వారికి కృతజ్ఞతలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు మా కుటుంబాన్ని ఆదుకున్న వారందరికీ, ఆలస్యంగానైనా, చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మాది కింది వాటా. మోటారు బిల్లు దగ్గర మాటా మాటా పెరిగి ఏడాదిగా మాతో మాటలు మానేసిన పై వాటా దంపతులు, నీళ్లు మంచం ఎత్తుకు వచ్చేసరికి తామే దిగివచ్చి, ఎనభై రెండేళ్ల మా అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకెళ్లారు.

నేను తత్వశాస్త్రం బోధించి రిటైరైనవాడిని. బావిలో పడబోతున్న పసివాణ్ణి చూస్తే, మెప్పు ఆశించకుండానే ఎవరి గుండె అయినా ఝల్లుమంటుంది కాబట్టి మనిషి స్వభావం మంచిదేనన్న చైనా తత్వవేత్త మెన్షియస్ వాదాన్నీ, స్వభావం చెడ్డదే, మంచితనం సాధనతో అబ్బేదేనన్న షున్‌జీ వాదాన్నీ పక్కపక్కన పెట్టి చెబుతూ, నేను మాత్రం షున్‌జీ వైపే మొగ్గేవాడిని. ఎదురింటి వారిని రోడ్డు దాకా చేర్చడానికి మనిషికి పదిహేను వందలు అడిగి, బేరమాడగానే పడవ తిప్పుకుపోయిన కుర్రవాణ్ణి చూసి, నా పక్షమే గెలిచిందనుకున్నాను.

మూడో రోజున అమ్మగారి ఇన్సులిన్ అయిపోయింది. డబ్బు, చీటీ తీసుకుని వెళ్లింది ఆ కుర్రవాడే. చీకటి పడ్డాక స్టీలు టిఫిన్ డబ్బాలో, ఐసుముక్కల నడుమ గుడ్డలో చుట్టిన మందుసీసాతో వచ్చి, మిగిలిన నలభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. కిరాయి ఇవ్వబోతే, "మందుకు తీసుకోను బాబాయ్" అన్నాడు. ఆదివారం సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది కానీ, మాకు చోటిచ్చిన వారికే తెలియకుండా మూడు నీళ్ల సీసాలు నా సంచిలో దాచుకున్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ దంపతులకు ఇప్పుడు ఇలా అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటున్నాను. మెన్షియస్, షున్‌జీల తగవు నాకిక తేలేలా లేదు.

ఇతర పట్టణాల నుంచి వచ్చి బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులకు, ఫైరింజన్లతో ఇళ్లు కడిగిన సిబ్బందికి కృతజ్ఞతలు. బురదలో దొరికిన అమ్మగారి వెండి కుంకుమభరిణెను కడిగి గడప మీద పెట్టి, పిలిచేలోపే వెళ్లిపోయిన తల్లికి ప్రత్యేకంగా.

పడవ అబ్బాయి పేరు అడగలేదు. ఇది అతని కంటబడితే, టిఫిన్ డబ్బా మా ఇంట్లోనే ఉందని, ఒక పూట భోజనానికి వచ్చి తీసుకెళ్లమని మనవి.