కరెంటు పోతే బొమ్మ కూడా పోయినట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

కోనసీమ హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన వాణ్ని. ఆన్‌లైన్‌లో లైవ్‌గా జరిగే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) పెయింటింగ్ పోటీల నిబంధనల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాజోలులో కూర్చున్న ముసలాయనకి వీఆర్ గొడవెందుకని మీ పాఠకులు నవ్వుకోవచ్చు. ఇంటర్ చదివే మనవరాలికి ఆ పిచ్చి పట్టింది, దాన్నుంచి నాకూ అంటుకుంది.

తెలియనివారికి రెండు ముక్కలు చెబుతాను. కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని, చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని గాలిలో గీస్తారు. గీసిన గీత గీసినచోటే నిలబడిపోతుంది. దాని చుట్టూ తిరగొచ్చు, వెనక్కి వెళ్లి చూడొచ్చు. మా పిల్ల కొబ్బరితోట వేసింది. కాలువ మీదకి వంగిన చెట్టు కోసం నేలమీద చతికిలబడి మొదలు దగ్గర ఎత్తుకున్న గీతని, మెల్లగా లేస్తూ, ఒళ్లు పక్కకి వాల్చి, చివరికి మునివేళ్ల మీద నిలబడి మట్టల దగ్గర వదిలింది. ఎన్ని వందలమంది పిల్లలచేత కొబ్బరిచెట్టు వేయించానో లెక్కలేదు గానీ, చెట్టు పొడవు ఒంటికి తెలిసేలా ఒక్కరిచేతా వేయించలేకపోయాను. పక్కనున్న మా ఆవిడకి మాత్రం చేతులు తిప్పడమే కనిపించింది. "ఎవరికే దిష్టి తీస్తున్నావు?" అంది.

ఇక అసలు సంగతి. మొన్న తను పాల్గొన్న పోటీకి గంట టైము. హెడ్‌సెట్‌లో కనిపించేదంతా ఆ గంటసేపూ లైవ్‌లో నిర్వాహకులకి అందుతుండాలి. రెండు నిమిషాలకి మించి ఆగితే పేరు కొట్టేస్తారు. నలభయ్యో నిమిషంలో ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. హెడ్‌సెట్‌కి సొంత బ్యాటరీ ఉంది. పట్టపగలు కాబట్టి దాని కెమెరాలకి చేతులు కనిపించేంత వెలుతురూ గదిలో ఉంది. పిల్ల చెయ్యి ఆగలేదు. ఆగింది రౌటర్. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కలిపేసరికి అయిదు నిమిషాలు పట్టింది. బొమ్మ పూర్తయింది, పేరు పోయింది.

నిర్వాహకులకి ఈమెయిల్ పెడితే, లైవ్ లేకపోతే మోసానికి వీలుంటుందని జవాబిచ్చారు. వాళ్ల భయం అబద్ధమని అనను. కానీ మా పిల్ల వాడింది ఓపెన్ బ్రష్ అనే వీఆర్ బొమ్మల సాఫ్ట్‌వేర్. 2016లో వచ్చిన టిల్ట్ బ్రష్‌ని గూగుల్ 2021 జనవరిలో ఆపేసి, కోడ్ అందరికీ ఇచ్చేసింది కదా, దాని మీద కట్టిందే ఇది. పైసా ఖర్చులేదు. అందులో సేవ్ అయ్యేది ఫొటో కాదు. గీత వెంట చెయ్యి ఎక్కడెక్కడ ఉంది, ఎటు తిరిగింది, ట్రిగ్గర్ ఎంత నొక్కింది, ఏ క్షణంలో, ఇవన్నీ ఫైల్లో ఉంటాయి. మళ్లీ తెరిస్తే గీతలు వేసిన వరసలోనే పడుతూ వస్తాయి. నా రోజుల్లో ఇలాంటిది ఉంటే హోంవర్క్ బొమ్మ అన్నయ్య వేశాడో తమ్ముడు వేశాడో ఇట్టే పట్టేసేవాణ్ని! హెడ్‌సెట్ పెట్టుకున్నది ఎవరన్న అనుమానం ఒక్కటే మిగులుతుంది. దానికి గది మూలన ఒక ఫోన్ పెట్టి మొత్తం రికార్డు చేయమనండి. నెట్ లేకపోయినా ఫోన్ రికార్డు చేస్తుంది. ఈ రెండూ పోటీ ముగిసిన గంటలోపు పంపితే చాలని నిబంధన మార్చడానికి అడ్డేమిటి?

ఇంకో మాట. జడ్జీలు మార్కులు వేసేది ఆ లైవ్ వీడియో చూసి. అది పిల్ల తల ఎటు తిరిగితే అటు ఊగుతుంది. వంగితే నేల, లేస్తే ఆకాశం. చూసేవాడికి కళ్లు తిరగాలి తప్ప తోట కనపడదు. చుట్టూ తిరిగి చూడాల్సిన బొమ్మకి బల్లపరుపు వీడియోతో మార్కులా? జడ్జీలు కూడా హెడ్‌సెట్ పెట్టుకుని, ఆ ఫైల్ తెరిచి, లోపలికెళ్లి చూడాలి.

ఇదే పోటీలో జూనియర్ విభాగం ఎనిమిదేళ్ల నుంచట. హెడ్‌సెట్లు చేసే మెటా కంపెనీయేమో 2023లో వయసు తగ్గించినప్పుడు కూడా పదేళ్ల దగ్గరే ఆగింది, అదీ తల్లిదండ్రుల అజమాయిషీలో. అర కిలో బరువు పసిపిల్లల మొహానికి గంటసేపు కట్టమనడం ఏం న్యాయం?

మనవైపు నుంచీ చేయాల్సింది ఉంది. మావాడి స్నేహితుడు ఫారిన్ నుంచి తెచ్చాడు గనక మా ఇంట్లో హెడ్‌సెట్ ఉంది. మిగతా పిల్లల మాటేమిటి? చిత్రకారుడు దామెర్ల రామారావులోని పనితనం చూసి, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర పట్టించుకోబట్టే ఆయన బొంబాయి జేజే ఆర్ట్ స్కూలు దాకా వెళ్లగలిగాడు. 1925లో, ముప్ఫై నిండకుండానే పోయినా, ఆయన పేరున రాజమండ్రిలో ఆర్ట్ గ్యాలరీ నిలిచింది. అక్కడ ఒక గది, అమలాపురం గ్రంథాలయంలో ఒక గది ఇప్పించమని అధికారులకి మనవి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం ఉంటే సరిపోతుంది. రెండు హెడ్‌సెట్లు, రౌటర్‌కి ఒక ఇన్వర్టర్ కావాలి. ఇన్వర్టర్ మాత్రం మరిచిపోవద్దు. అమలాపురంలో పెడితే శని, ఆదివారాలు వచ్చి పిల్లలకి చూపిస్తాను. జీతం అక్కర్లేదు, బస్సు చార్జీలు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
రాజోలు