పెట్టె మీద ఇద్దరు ఆడొచ్చన్నారు, నెట్ లేదని ఆపేశారు

అంబాజీపేట,
కోనసీమ జిల్లా.

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోని మీ వీడియో గేమ్ గురించి ఫిర్యాదు.

అయ్యా,

సంక్రాంతికి మా అక్క పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తున్నారని, పండక్కి పది రోజుల ముందే రాజమండ్రి వెళ్లి మీ ఆట డిస్కు 3,999 రూపాయలు పెట్టి కొన్నాను. పెట్టె మీద 'ఆటగాళ్లు 1-2' అని ఉంది. ఆ ముక్క చూసే కొన్నాను. రెండో కంట్రోలర్ కూడా ఆ రోజే తీసుకున్నాను.

ఇంటికొచ్చి డిస్కు పెడితే ఇంకో 46 జీబీ డౌన్‌లోడ్ చేయమంది. మాకున్నది ఫోన్ డేటా, రోజుకి 2 జీబీ. అంటే ఇరవై మూడు రోజులు. చేసేది లేక, టీవీకి తగిలించి ఆట ఆడే కన్సోల్ మిషన్‌ని తువ్వాల్లో చుట్టి, బండి మీద అమలాపురంలో ఫ్రెండ్ ఇంటికి పట్టుకెళ్లి, రాత్రంతా వాళ్ల వైఫైకి వదిలేసి పొద్దున్నే తెచ్చుకున్నాను. ఆట మొత్తం డిస్కులో లేనప్పుడు ఆ సంగతి పెట్టె మీద కనపడేలా రాయాలి కదా?

అసలు బాధ కనుమ నాడు మొదలైంది. ఆ రోజు మా దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభల్ని, అంటే దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాల్ని, చేలకి అడ్డంపడి భుజాల మీద మోసుకొస్తారు. ఇసకేస్తే రాలనంత జనం. ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు, అది మాకు ఏటా ఉండేదే. సాయంత్రం తీర్థం నుంచి రాగానే పిల్లలిద్దరూ కాళ్లు కడుక్కుని టీవీ ముందు చాప మీద కూర్చున్నారు. ఆట పెడితే, సర్వర్‌కి కనెక్ట్ కాలేదని మెసేజ్. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే టీవీలో ఆడుకుంటుంటే మధ్యలో మీ సర్వర్ ఎందుకండీ?

ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాను. అరగంటకి హాట్‌స్పాట్ అందింది. అప్పుడు రెండో ఆటగాడికి వేరే అకౌంట్ కావాలంది. తొమ్మిదేళ్ల పిల్లకి ఈమెయిల్, ఫోన్ నంబరు, ఓటీపీ. ఆ ఓటీపీ ఎంతసేపటికీ రాలేదు. కాయిన్ల ప్యాక్ కొనుక్కోమనే ప్రకటన మాత్రం రెండుసార్లు వచ్చింది. మా మేనకోడలు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, "పర్లేదు మావయ్యా, అన్నయ్యని ఆడనీ, నేను చూస్తాలే" అంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట కోసమే.

చివరికి అటక మీంచి మా చిన్నప్పటి టీవీ గేమ్ దించాను. పసుపు, తెలుపు వైర్లు గుచ్చి, క్యాసెట్ అడుగున ఉఫ్ మని ఊది పెడితే రెండోసారికి కాంట్రా వచ్చింది. జపాన్ వాళ్లు 1988లో ఇంటి టీవీకి తెచ్చిన ఆట అది. నేనూ అక్కా ఆడిందే. అందులో జలపాతం స్టేజ్ ఉంటుంది, పైపైకి ఎగురుకుంటూ ఎక్కాలి. ఒకడు తొందరపడి ముందెక్కేస్తే తెర పైకి జరిగి, కింద ఉన్నవాడు చచ్చిపోతాడు. మేనల్లుడు మొదట అలాగే చెల్లిని రెండుసార్లు చంపేశాడు. మూడోసారి ఒక రాయి మీద ఆగి, "నువ్వు రా, నేనిక్కడే ఉంటా" అన్నాడు. వంటింట్లోంచి అక్క కూడా వచ్చి కూర్చుంది. నేను మీ ఆట కొన్నది ఇలాంటి సాయంత్రం కోసమే. బొమ్మ ఎంత అందంగా ఉందన్నది మాకు తర్వాతి సంగతి.

ఈ కాలంలో అది కుదరదని మాత్రం అనకండి. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' ఒకే తెర మీద ఇద్దరు కలిసి ఆడే ఆటే. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట బహుమతి దానికే వచ్చింది.

ఇంకో భయం కూడా ఉంది. 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లని 2024 మార్చి 31న మూసేశారు. దాంతో డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. రేపు మీరూ సర్వర్ తీసేస్తే నా డిస్కు గతి ఏంటి? ముప్పై ఏళ్లనాటి క్యాసెట్ మా ఇంట్లో ఇంకా ఆడుతోంది.

కాబట్టి నెట్ లేకుండా, రెండో అకౌంట్ అడగకుండా ఇద్దరూ ఆడుకునేలా ఈ ఆటని సరిచేయండి. అది మీ వల్ల కాకపోతే నా 3,999 రూపాయలు వాపసు ఇవ్వండి. ఇకపై అమ్మే పెట్టెల మీద 'ఇంటర్నెట్ తప్పనిసరి' అని 'ఆటగాళ్లు 1-2' పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను.

బిల్లు, పెట్టె ఫొటో, టీవీలో వచ్చిన మెసేజ్ ఫొటో జతచేశాను. పిల్లలు మళ్లీ వేసవి సెలవులకి వస్తారు. ఈలోగా సరిచేస్తే వాళ్లచేత ఆడించాలని ఉంది.

ఇట్లు,
మీ ఆట కొన్న వినియోగదారుడు