పెద్దకొడుకు ఇంకా అరుగు మీదే

పర్లాకిమిడి,
ఆదివారం, పొద్దు గూకే వేళ

ఒరే బావా,

రోజూ ఫోన్లో వాగుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేటి అనుకుంటావు. మహేంద్రతనయ వైపునుంచి గాలి కమ్మగా వీస్తోంది. అరుగు మీద కూర్చున్నాను. లోపలికి వెళ్లబుద్ధి కావట్లేదు. ఎందుకో చెప్తాన్లే.

పొద్దున గుడిలో అయ్యగారు బైబిల్లో లూకా సువార్త పదిహేనో అధ్యాయం, యేసు చెప్పిన కథలు అందుకున్నారు. గొర్రె, నాణెం, తప్పిపోయిన కొడుకు, మూడూ ఒక్క పూటే. సండే స్కూల్లో నువ్వొకసారి "తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మిగతా తొంభై తొమ్మిదింటినీ అడివిలో వదిలేస్తే నక్కలు తినేయవాండీ?" అని అడిగి గోడకుర్చీ వేశావు, గుర్తుందా? ఆ ప్రశ్నకి నాకింకా జవాబు దొరకలేదురా.

నాణెం కథ మాత్రం మొన్న మా ఇంట్లోనే జరిగింది. మీ చెల్లెమ్మ పట్టీకి ఒక మువ్వ ఊడిపోయింది. మంచాలు జరిపించింది, బియ్యం డబ్బా బోర్లించింది, నా చొక్కా జేబులు కూడా తిరగేసింది. ఆఖరికి చీపురు పుల్లల మధ్యనే దొరికింది! ఆ సంబరంలో ఇరుగమ్మకీ పొరుగమ్మకీ పకోడీలు, టీలు. ఆ ఖర్చుతో అలాంటి మువ్వలు నాలుగొచ్చును. బైబిల్లో ఆవిడా అంతే, పదింటిలో ఒక్క నాణెం దొరికితే వీధి వీధినంతా పిలిచింది. వాళ్లకి ఏం పెట్టిందో లూకా రాయలేదు.

యేసు లెక్కలే అంత. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని పొద్దున్నే వచ్చినవాడికీ, ఇంకో గంటలో పొద్దు గూకుతుందనగా వచ్చినవాడికీ ఒకటే రోజుకూలి, ఒక దేనారం ఇస్తాడు. మన కోతల్లో నేనలా ఇస్తే మర్నాడు సాయంత్రం అయిదు దాకా చేలో ఒక్కడు దిగడు.

ఆయన చెప్పేవన్నీ పొలం మాటలు, వంటింటి మాటలు. ఆవగింజ, పిండి, వల. కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు వెదికేవాడి సంగతి విని ఆనాటి జనం పగలబడి నవ్వే ఉంటారు. మా అయ్యగారు దాన్నీ చావుకబురులాగే చదువుతారు. ఇక మన బైబిలు తెలుగంటావా, "క్రొవ్విన దూడను తెచ్చి వధించుడి"! వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లోనే, నోరు తిరక్కపోయినా మనం దాన్ని బట్టీ పట్టాం చూడు.

సరే, అసలు సంగతి. తమ్ముడు వచ్చాడురా. అరెకరం అమ్మిన డబ్బు పట్టుకుని గంజాం కుర్రాళ్లతో సూరత్ మరమగ్గాలకి పోయినవాడు, ఆరేళ్లకి ఒక్క చేతిసంచితో దిగాడు. ఆ తప్పిపోయిన కొడుకులా ఆకలికి పందుల పొట్టుకి ఆశపడ్డాడో లేదో గానీ బాగా చిక్కిపోయాడు. అమ్మ ఒక్క మాట అడగలేదు, తిన్నగా పెరట్లోకెళ్లి నాటుకోడిని పట్టుకుంది. ఇన్నేళ్లూ ఇక్కడే పడుండి, కరెంటు బిల్లులు కట్టి, ఆస్పత్రులకి తిప్పిన నాకు ఎప్పుడూ కోడిగుడ్డు పులుసే. బైబిల్లో, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి దూడని కోయించాడని, తనకెప్పుడూ మేకపిల్లయినా ఇవ్వలేదని పెద్దవాడు అలిగి బయటే ఉండిపోయాడంటే చిన్నప్పుడు నవ్వుకున్నాం గదా. ఇప్పుడు వాడు నాకు చుట్టం.

తండ్రి బయటికొచ్చి బతిమాలాడని ఉంది. పెద్దవాడు లోపలికెళ్లాడో లేదో మాత్రం లేదు. రెండుసార్లు తిరగేసి చూశాను.

ఇదిగో, అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కూర చల్లారిపోతోందిరా" అంటోంది. ఇది రెండో పిలుపు. కాళ్లు రెండూ వాడికే వేసేసిందేమో చూడాలి.

ఉంటాను,
నీ బావ