సర్వర్ పనికొచ్చే పిల్లలకి నెట్‌వర్క్ స్విచ్ లైటు చూడటం కూడా నేర్పండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్ చదువుల పేజీలో క్లౌడ్ కోర్సుల గురించి, ఏఐ ఉద్యోగాల గురించి వస్తూనే ఉంటుంది, మా తమ్ముడి కొడుకు అవి కత్తిరించి దాచుకుంటాడు కూడా. మంచిదే. కానీ ఆ క్లౌడ్ అనేది ఎక్కడో ఒక గదిలో ర్యాకుల్లో ఉన్న సర్వర్లే కదండీ, వాటిల్లోకి ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఎక్కుతుంది, మధ్యలో ఆగిపోతే ఎక్కడ చూడాలి అన్నది మాత్రం తెలుగు పేపర్లో నాకు ఇంతవరకు కనపడలేదు. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నా. మా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కువమంది మన జిల్లాల వాళ్లే, అమీర్‌పేటలో రూమ్ తీసుకుని మూడు నెలలు లినక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకుని వస్తారు, కమాండ్లు టకటకా కొడతారు, తీరా ఇన్‌స్టాల్ మధ్యలో నెట్‌వర్క్ పోయిందంటే మాత్రం చేతులెత్తేస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ చూపించలేదు అంతే.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వంద సర్వర్లుంటే ఒక్కోదానికి పెన్‌డ్రైవ్ గుచ్చి నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుతూ ఎవరూ కూర్చోరు. సర్వర్ ఆన్ అవ్వగానే దాని నెట్‌వర్క్ కార్డే నాకు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో చిరునామా) ఇవ్వండి, ఏ ఫైలుతో బూట్ అవ్వాలో, అంటే మొదలవ్వాలో చెప్పండి అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా కేకేస్తుంది, ఇలా నెట్‌వర్క్ మీంచే బూట్ అవడాన్ని పీఎక్స్ఈ అంటారు. ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ పలికితే టీఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే తేలికైన పద్ధతి) మీద ఒక చిన్న ఫైలు దిగుతుంది, అది కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తెస్తుంది, ఆ తర్వాత ఇన్‌స్టాలర్ లేచి మనం ముందే రాసిపెట్టిన జవాబుల ఫైలు తెచ్చుకుని మిగతాదంతా తనే చేసేస్తుంది. ఆ ఫైలుని రెడ్‌హ్యాట్ వైపు కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్‌లో ప్రీసీడ్ (రెండూ లినక్స్ రకాలే).

పోయిన నెల ఒక రాత్రి 40 సర్వర్లకి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. మా జూనియర్ అబ్బాయి మొదలుపెట్టాడు. ఐపీ వచ్చింది, కెర్నల్ దిగింది, ఇక అయిపోయినట్టే అనుకునేసరికి కిక్‌స్టార్ట్ ఫైలు దొరకలేదు అని స్క్రీన్ మీద పడి ఆగిపోయింది. మళ్లీ రీస్టార్ట్ చేశాడు, మళ్లీ అక్కడే. ఫైలులో ఏదో అక్షరం తప్పు పోయిందేమోనని దాన్ని ఐదారుసార్లు తిరగరాశాడు, తన లాప్‌టాప్‌లో బ్రౌజర్‌లో తెరిస్తే ఫైలు శుభ్రంగా వస్తోంది. రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి "అన్నా, మొదట ఐపీ వచ్చింది కదా, నెట్‌వర్క్ బానే ఉంది, మరి ఇదేంటి" అన్నాడు. ఆ పిల్లాడి గొంతు వింటే నాకు నిద్ర పట్టలేదు, బండి వేసుకుని వెళ్లా.

వెళ్లి స్క్రీన్ వదిలెయ్యి, ర్యాక్ వెనక్కి రా, ఈ స్విచ్ పోర్టు లైటు ఒక్కటే చూడు అన్నా. స్విచ్ అంటే సర్వర్ల నెట్‌వర్క్ వైర్లన్నీ వచ్చి తగిలే పెట్టె, వైరు గుచ్చే చోటే పోర్టు. సర్వర్ ఆన్ చేశాం. లైటు నారింజ రంగులో వెలిగింది, కాసేపటికి పచ్చగా మారింది, ఐపీ వచ్చింది, కెర్నల్ దిగింది. సరిగ్గా అప్పుడు లైటు ఆరిపోయింది! వెంటనే మళ్లీ నారింజ రంగు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టమన్నా. 30 సెకన్లు. ఈలోపే స్క్రీన్ మీద ఫెయిల్ అని పడిపోయింది, ఆ తర్వాత లైటు పచ్చబడింది.

జరిగిందేంటంటే, వైర్లు కలిపేటప్పుడు పొరపాటున చుట్టు పడితే నెట్‌వర్క్ అంతా కూలిపోకుండా స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ అని ఒక కాపలా ఉంటుంది, రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో కనిపెట్టింది. కొత్తగా ఏది తగిలించినా పాత పద్ధతిలో అది 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, అప్పుడే దారి వదులుతుంది. కార్డులో ఉండే పీఎక్స్ఈ 4, 8, 16, 32 సెకన్లు చొప్పున మొత్తం నిమిషం దాకా ఆగి ఆగి అడుగుతుంది కాబట్టి దానికి ఐపీ దొరికేసింది. కెర్నల్ లేచాక దాని సొంత డ్రైవరు (కార్డుని నడిపే ప్రోగ్రాం) కార్డుని చేతిలోకి తీసుకునేటప్పుడు లింకు ఒకసారి పడి లేస్తుంది, స్విచ్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది, మా ఇన్‌స్టాలర్‌కేమో అంతసేపు ఆగే ఓపిక లేదు. అంటే ఒకే ఇన్‌స్టాల్‌లో సర్వర్ ఐపీ అడగడం ఒక్కసారి కాదు, రెండోసారి కూడా అడుగుతుంది, మొదటిసారి వచ్చింది కదా అని రెండోసారి గ్యారంటీ లేదు. ఈ ఒక్క మాట ఏ క్లాసులోనూ చెప్పడం లేదండీ, నా బాధంతా అదే. సర్వర్లున్న పోర్టులకి మాత్రం పోర్ట్‌ఫాస్ట్, అంటే ఆ 30 సెకన్లు ఆగకుండా వెంటనే దారి వదిలే సెట్టింగు పెట్టాం (స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య ఉన్న పోర్టుకి పెట్టకూడదు), తెల్లారేసరికి 40కి 38 ఎక్కేశాయి.

మిగిలిన రెండిట్లో కేబుల్ ఉన్న పోర్టు ఒకటి, ఇన్‌స్టాలర్ వెతుకుతున్న పోర్టు ఇంకొకటి. ఆ సర్వర్లకి నాలుగేసి పోర్టులున్నాయి, ఏ కార్డు నుంచి బూట్ అయిందో దాని మ్యాక్ అడ్రస్‌ని (కార్డు సొంత నంబరు) బూట్‌ఐఎఫ్ అని బూట్ లైన్‌లో అందిస్తే ఇన్‌స్టాలర్ దాన్నే పట్టుకుంటుంది, అది పెట్టగానే అవీ అయిపోయాయి.

ఇంకోటి చెప్పాలి. నాకు తెలిసిన ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో అరవై సిస్టమ్స్‌కి ఇలాగే డెబియన్ ఎక్కిస్తుంటే కొన్ని ఎక్కుతాయి, కొన్నిటికి బూట్ ఫైలు పేరు రాలేదని పీఎక్స్ఈ-ఈ53 అనే ఎర్రర్ వస్తుంది, ఏవి ఎక్కుతాయో రోజుకో రకం. మూడు రోజులు సిస్టమ్స్ మంచివి కావని తిట్టుకున్నారు. నేను వెళ్లి టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో నడిచే మాటలు చూపించే కమాండ్) పెట్టి డీహెచ్‌సీపీ వాడే 67, 68 నంబరు పోర్టులు (వైరు పోర్టులు కాదు) చూస్తే ఒక్క కేకకి ఇద్దరు జవాబిస్తున్నారు. రెండోది ఎవరో వైఫై కోసమని పక్క గదిలో తగిలించిన ఇంటి రౌటర్! అది ఐపీ అయితే ఇస్తుంది గానీ బూట్ ఫైలు సంగతి దానికేం తెలుసు. దాని వైరు పీకేశాక అన్నీ ఎక్కాయి.

పీఎక్స్ఈ-ఈ51 అంటే అసలు డీహెచ్‌సీపీ పలకలేదని, ఈ32 అంటే టీఎఫ్‌టీపీ దగ్గర ఆగిందని, ఆ నంబరే మనం ఎంత దూరం వచ్చామో చెప్తుంది. ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకల మీద కాపలా) 69 నంబరు పోర్టు ఒక్కటే తెరిచి ఎందుకు రావట్లేదని కొట్టుకునేవాళ్లు ఎందరో, టీఎఫ్‌టీపీ 69 మీద పలకరించి తర్వాత ఫైలుని వేరే పోర్టు మీద పంపుతుంది మరి. డెబియన్ ఇన్‌స్టాలర్ ఆగితే ఆల్ట్ ఎఫ్4 నొక్కితే లాగ్ (జరిగిందంతా రాసుకునే చిట్టా) కనపడుతుంది, ఆల్ట్ ఎఫ్2 లో షెల్ (కమాండ్లు కొట్టే చోటు) ఉంటుంది. చాలామంది పిల్లలకి ఆ స్క్రీన్ ఉందనే తెలియదు, పవర్ బటన్ మీదకే పోతుంది చెయ్యి.

మన పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ కాలేజీల్లో మూలన పడేసిన పాత సిస్టమ్స్ రెండు, సెట్టింగులు మార్చుకోగలిగే పాత స్విచ్ ఒకటి చాలు ఇదంతా చేసి చూపించడానికి, రూపాయి ఖర్చు లేదు. వైరు పీకి, పోర్టు మార్చి, కావాలని పాడుచేసి ఎక్కడ ఆగిందో మీరే కనిపెట్టండి అని పిల్లలకి వదిలేయాలి. మీ చదువుల పేజీలో అర పేజీ ఇస్తే బొమ్మలతో సహా నేనే రాసి పంపిస్తా, డబ్బులేమీ వద్దు. ల్యాబ్ నడిపే మాస్టార్లు ఎవరైనా రమ్మంటే ఆదివారాలు నాకు ఖాళీయే, స్విచ్ లేకపోతే నా దగ్గరున్నది పట్టుకొస్తా.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్,
కూకట్‌పల్లి, హైదరాబాద్