మన సినీ ప్రేక్షక సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యదర్శి నమస్కారాలు. ఈ ఏడాది పాలకొల్లులో మన సంఘం వేసిన ప్రదర్శనలన్నిటిలోకీ ఎక్కువ చర్చకు, కొంత తగాదాకు కూడా దారితీసినది ఒక్కటే కనుక, నివేదికలో పెద్ద భాగం దానికే కేటాయిస్తున్నాను.

కాలువలు కట్టేసిన వేసవిలో, పొలం పనులు లేని రోజులు చూసుకుని, 1982 నాటి ‘ది బీస్ట్‌మాస్టర్’ చిత్రాన్ని, 1991లో వచ్చిన దాని రెండో భాగాన్ని వరుసగా రెండు రాత్రులు ప్రదర్శించాము. జంతువుల మనసుతో మాట్లాడగల కత్తివీరుడు డార్ పాత్రను రెండింటిలోనూ మార్క్ సింగరే ధరించినా, దర్శకత్వం మాత్రం డాన్ కాస్కరెల్లి నుంచి సిల్వియో టబెట్‌కు మారింది. రెండో భాగంలో దుష్టుడైన ఆర్క్‌లాన్ న్యూట్రాన్ బాంబు కోసం కాలద్వారం దాటి ఈనాటి లాస్ ఏంజెలిస్‌లో దిగుతాడు, అతని వెనకే డార్ కూడా వస్తాడు. కోటలు కట్టే ఖర్చు లేకుండా ఉన్న వీధుల్లోనే సినిమా లాగించే ఉపాయంగా అది నాకు తోచింది.

మొదటి భాగంలో పులికి నల్లరంగు పూసి చూపారు. రెండో భాగంలో అదే పేరుతో మామూలు చారల పులి వచ్చేసరికి, ముందు వరుసలోని పెద్దాయన ఒకరు లేచి, “అదేంటండీ, రాత్రికి రాత్రి పులి రంగు వెలిసిపోయిందా?” అని అడిగారు. తెలుగులో కథ చెబుతున్న నేను ఆ నవ్వులు సద్దుమణిగే దాకా మైకు కింద పెట్టవలసి వచ్చింది.

మరునాటి చర్చలో విఠలాచార్య గారి ప్రస్తావన రావడం సహజమే. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, అక్కడ మేకను నిలబెట్టి మళ్ళీ తిప్పితే శాపం ఫలించినట్టే. పేచీ పెట్టిన నటుణ్ణి చిలకగా మార్చేసి చిత్రం ముగించేవారన్న ముచ్చట ఎంతవరకు నిజమో గాని, చేతిలో డబ్బు లేదని ఆయన కాంతారావు గారిని కత్తితో సహా మద్రాసు మౌంట్‌రోడ్డు మీదకు తీసుకురాలేదు. కారు చూసి డార్ తికమకపడే ఘట్టాలే అసలు వినోదమని యువ సభ్యులు గట్టిగా వాదించారు. వారి అభిప్రాయాన్ని కూడా మినిట్సు పుస్తకంలో నమోదు చేశాము.

అద్దె ప్రొజెక్టరు స్పీకరు మొదటి రాత్రి మొరాయించడం వల్ల ఆట ఆలస్యమైనందుకు క్షంతవ్యులము. వచ్చే ఏడాది మన ఊరివారే అయిన కోడి రామకృష్ణ గారి ‘అమ్మోరు’ (1995) వేయాలని తీర్మానించాము. చందా బాకీ ఉన్నవారు సంక్రాంతిలోగా కోశాధికారికి చెల్లించి రసీదు తీసుకోగలరు.